ఫిజియోథెరపీకి ఏ చదువు?

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడగానే మా అనంతపురం ప్రాంతపు తల్లిదండ్రులు కొందరు వచ్చి అడుగుతుంటారు: “సామీ, మా అమ్మాయికి ఫిజియోథెరపీ మీద మనసున్నది. బి.పి.టి.లో చేర్చేదా? ఆరు నెలల సర్టిఫికెట్టు కోర్సు చాలదా? లేక మీ ఆయుర్వేదమే చదివిద్దామా?”

బి.పి.టి.లోనే చేర్చమంటాను. ఆయుర్వేద వైద్యుడై ఉండి ఇలా చెబుతున్నాడేమని ఆశ్చర్యపడనక్కరలేదు. గురుకులంలో అభ్యంగన స్వేదనాలు నేర్చుకున్నాను. వ్యాయామం అర్ధశక్తి మేరకే చేయాలన్న వాగ్భటుని నియమం నాకు కంఠస్థం. అయినా పక్షవాతం సోకిన చేతిలో ఏ కండరాన్ని ఏ దశలో ఎంత కదిలించాలో, ఆ విద్య నాకు అబ్బలేదు. ఒక వేరుసెనగ రైతును మూడు నెలలు తైలమర్దనతోనే ఉంచాను. భుజం బిగిసిపోయాక గాని ఫిజియోథెరపిస్టు వద్దకు పంపలేదు. ఆ దోషం నాదే.

ఆ శాస్త్రం ఆరు నెలల్లో వచ్చేది కాదు. శరీర రచన, కండరాల కదలిక, నాడీ వ్యాధులు, విద్యుచ్చికిత్స నాలుగేండ్లు చదివి, ఆపైన ఇంటర్న్‌షిప్ చేయాలి. 2021 నాటి కేంద్ర చట్టం ఈ వృత్తికి కనీసం 3600 గంటల శిక్షణ విధించింది. బి.ఏ.ఎం.ఎస్. అయిదున్నరేండ్ల వేరొక మార్గం. దానికి నీట్ రాయాలి. పంచకర్మపై మక్కువ ఉన్నవారికే అది తగినది.

ఆడపిల్లకు ఈ పని ఎందుకనే తాతలూ ఉన్నారు. మోకాలి నొప్పితో కుంటుతున్న మా పల్లెల స్త్రీలు పురుషుని ముందు చీర పైకి తీయడానికి సంకోచించి చికిత్సే మానుకుంటారని వారికి చెబుతుంటాను.

కళాశాలను చూడబోయినప్పుడు యంత్రాల గదితో తృప్తిపడవద్దు. అనుబంధ ఆసుపత్రి ఉన్నదా, ఉదయం పది గంటలకు అక్కడ రోగులున్నారా అని చూడండి.