కత్తి మాది, సంతకం ఎవరిది?

మా తాత చచ్చిన గొడ్డును కోశాడు. మా నాయన చచ్చిన మనిషిని కోశాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది.

నాయన సర్కారు ఆసుపత్రిలో స్వీపరు. కాయితం మీద ఆయన పని ఊడవటం. శవాల గదిలో మాత్రం గొంతు కింది నుంచి పొత్తికడుపు దాకా కోసేదీ, పుర్రె తెరిచేదీ, మళ్లీ గోతం కుట్టినట్టు కుట్టేదీ ఆయనే. డాక్టరుగారు గుమ్మంలో ముక్కుకి రుమాలు పెట్టుకుని నిలబడి 'ఏముందిరా?' అనేవాడు. నాయన చెప్పింది ఇంగ్లీషులో రాసుకునేవాడు. సంతకం ఆయనది. వాసన మా నాయనది. ఆ వాసనకి తాగిన సారా, తాగుబోతు మాదిగోడన్న పేరు, అవీ మా నాయనవే.

ఒకసారి పక్క పల్లె పిల్ల శవం వచ్చింది. ఉరేసుకుందన్నారు. తాగిన రాత్రి నాయన నాతో అన్నాడు: "ఉరేసుకుంటే గీత ఏటవాలుగా చెవుల యెనక్కి పోద్దిరా. ఎవడన్నా బిగిస్తే మెడ చుట్టూ అడ్డంగా పడద్ది. ఆ పిల్లకి అడ్డంగా ఉంది." మరి చెప్పలేదా అన్నాను. "చెప్పా. కొయ్యమంటే కొయ్యి, నీకెందుకురా అన్నాడు." రిపోర్టులో ఉరి అనే రాశారు. ఊడ్చేవాడి మాట ఏ కోర్టు వింటుంది?

ఆ గీత నన్ను వదల్లేదు. బీఎస్సీ అయ్యాక ఫోరెన్సిక్ సైన్సు ఎమ్మెస్సీలో చేరాను. శవాన్ని కోసే సంతకం ఎంబీబీఎస్ వాళ్లదే, కానీ రక్తం, విషం, డీఎన్ఏ చూసి చెప్పే సంతకం మాకొస్తుంది. ఒకరోజు క్లాసులో సారు అదే గీత సంగతి అడిగితే లేచి చెప్పాను. 'ఏ పుస్తకంలో చదివావ్?' అన్నాడు. 'మా నాయన చెప్పాడండి, శవాలు కోస్తాడు' అన్నాను. మెచ్చుకుంటారనుకున్నా, వెర్రోణ్ణి. మర్నాటి నుంచి బెంచీ మీద నేనొక్కణ్ణే. శవాల చదువుకొచ్చినోళ్లకి శవాన్ని ముట్టినోడి కొడుకు అంటయ్యాడు! ఏడాది తిరక్కుండానే డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అప్పులు. చదువు మానేసి పంతులునయ్యాను. దాన్ని నేను గెలుపని ఎక్కడా చెప్పుకోను.

ఇది ఒక్క పిల్ల సంగతి కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లని ఎనిమిది మందిని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎప్పుడు చచ్చారో, ఎక్కడ చచ్చారో, ఎవరు కొట్టారో రుజువు కాలేదంట! ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అన్నవి ఫోరెన్సిక్ చదువు మొదటి పాఠాలు కావా? 2020లో హత్రాస్ పిల్ల చావుబతుకుల్లో వాఙ్మూలం ఇచ్చింది. రోజులు గడిచాక తీసిన నమూనాల్లో వీర్యం లేదు కనక అత్యాచారమే లేదని పోలీసు అధికారి పత్రికలకి చెప్పాడు. 2013లో మారిన చట్టానికి వీర్యంతో పని లేదని ఆయనకి తెలీదా? ప్రయోగశాల కాయితాన్ని ఎట్లా వాడుకోవాలో వాళ్లకి బాగా తెలుసు. మనకే తెలీదు.

2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరం జరిగిన చోటికి పోవాలి. రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు. రేపు మన పేటకొచ్చే ఆ నిపుణుడు ఎవరు? లోపలికొస్తాడా, రుమాలు తీస్తాడా? మనలోంచి పోయినవాళ్లూ రుమాలు పెట్టుకునే నిలబడితే ఏం చేద్దాం? ఈ భయమూ నాకుంది.

మొన్న నా దగ్గర చదివిన మన పిల్ల ఒకతె ఎమ్మెస్సీ దరఖాస్తు పట్టుకుని వచ్చింది. ఏ సబ్జెక్టు తీసుకోవాలి సార్ అంది. నేను చెప్పబోతుంటే నాయన మంచం మీద లేచి కూచున్నాడు. తన మెడ మీద వేలితో గీసి చూపించాడు. ముందు ఏటవాలుగా, తర్వాత అడ్డంగా. "ఇంకోసారి చూపించు తాతా" అని ఆ పిల్ల పెన్ను తీసింది.