"మా వైపు పొట్టివాళ్ళు లేరండీ!"

పోయిన శనివారం ఇక్కడ న్యూజెర్సీలో ఓ పుట్టినరోజు పార్టీకి వెళ్ళాం. కుర్రాడికి ఎనిమిదేళ్ళు. కేకు కోసేదాకా అంతా బానే ఉంది. ఇండియా నుంచి వచ్చిన వాడి నాయనమ్మగారు అందరికీ వినబడేట్టు, "మా వైపు పొట్టివాళ్ళు లేరండీ. తల్లి సరిగ్గా తిండి పెడితేగా!" అనేశారు. ఆ తల్లి సమోసాల ట్రే తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేమంతా బుద్ధిగా తలొంచుకుని బిర్యానీ తిన్నాం. నేనూ తిన్నాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నా.

తిండి చాలక పిల్లలు ఎదగకపోవడం ఉంది, కాదనను. తల్లిదండ్రులు పొట్టయితే పిల్లలూ పొట్టవడం ఇంకా మామూలు. కానీ ఎంత తిన్నా ఎదగని జబ్బులూ ఉన్నాయండీ. ఇజ్రాయెల్లో జ్వి లారాన్ అనే డాక్టరు 1966లో సహచరులతో కలిసి అలాంటి ఒకదాన్ని వివరించాడు. ఈ పిల్లల రక్తంలో గ్రోత్ హార్మోన్ పుష్కలం. దాన్ని అందుకోవలసిన రిసెప్టరే పాడు. మా భాషలో చెప్పాలంటే, సర్వరు మెసేజీలు పంపుతూనే ఉంటుంది, అవతల వినే ప్రోగ్రామే క్రాషయింది. దాంతో ఎముకల్ని పెంచే ఐజీఎఫ్-1 తయారవదు. పార్టీలో ఒకాయన సలహా ఇచ్చినట్టు గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు పొడిపిస్తే మెసేజీలు పెరుగుతాయంతే! ఈ జబ్బుకి ఇవ్వాల్సింది ఐజీఎఫ్-1నే, రోజుకి రెండు ఇంజెక్షన్లు. అమెరికాలో దానికి 2005లో అనుమతి వచ్చింది.

ఈక్వడార్‌లోని లోహా ప్రాంతంలో ఈ జబ్బున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. అక్కడి డాక్టరు గెవారా అగిర్రే, ఇక్కడి వాల్టర్ లాంగో 2011లో ప్రచురించిన లెక్క చూడండి: 99 మందిని 22 ఏళ్ళు గమనిస్తే ఒక్కరికీ షుగరు లేదు. (షుగరు బిళ్ళల డబ్బా పక్కన పెట్టుకుని పొట్టివాళ్ళ మీద జాలిపడే మన పెద్దలు ఇది రెండుసార్లు చదువుకోవాలి.)

సరే, వంశం గొడవకొద్దాం. ఎక్కువ కేసుల్లో చెడ్డ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే ఈ జబ్బు. ఒకటే ఉన్నవాళ్ళు సాధారణంగా మామూలు ఎత్తే ఉంటారు, మోస్తున్నట్టు వాళ్ళకే తెలీదు. అలాంటి ఇద్దరు పెళ్ళాడితే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. అంటే "మా వైపు లేరు" అన్న మాట ఏమీ రుజువు చెయ్యదు. పైగా మేనరికాల్లో ఒకే తాత జన్యువు రెండు దారుల్లోనూ దిగొచ్చు.

ఇంతకీ ఆ కోడలెవరనుకున్నారు? ఆ నాయనమ్మగారి సొంత అన్నయ్య కూతురు! "మా వైపు" అంటే ఏ వైపండీ?

వాడికి ఈ జబ్బుందని నేననడం లేదు, చాలా అరుదైంది. ఆ సంగతి చెప్పాల్సింది ఎండోక్రైనాలజిస్టు, మేనరికం సంగతి ఆయనకి ముందే చెప్పాలి. వచ్చే వారం అపాయింట్‌మెంటుందిట. తండ్రికి ఏదో రిలీజుందిట, తల్లే సెలవు పెట్టి తీసుకెళ్తోంది.