మేత ఒకటే, ఫలితం రెండు

అమెరికా ఈశాన్య తీరమైన న్యూ ఇంగ్లండ్‌లో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాతిగుంటల్లో నీరు నిలుస్తుంది. కొన్ని గుంటల నిండా మెత్తని పచ్చనాచు. పక్క గుంటల్లో గట్టి ఎర్రనాచు. ఒకే తీరంలో ఇంత తేడా ఎందుకు?

కారణం ఉసిరికాయంత నత్త. గరుకైన నాలుకతో నాచును గీకి తినే ఈ ప్రాణికి మెత్తని పచ్చనాచంటే ప్రీతి. జేన్ లుబ్‌చెంకో అనే శాస్త్రవేత్త పచ్చనాచు గుంటలో నత్తలను చేర్చి, ఎర్రనాచు గుంట నుండి వాటిని తొలగించి చూశారు. మొదటిదానిలో పచ్చనాచు అంతరించింది. రెండవదానిని అదే ఆక్రమించింది. 1978లో ఆమె ప్రకటించిన అధ్యయనం ప్రకారం గుంటల్లో నత్తలు మరీ తక్కువైతే పచ్చనాచుదే ఆధిపత్యం. మరీ ఎక్కువైతే ఎర్రనాచే మిగులుతుంది. మితంగా ఉన్నప్పుడే అనేక రకాలు కలిసి జీవిస్తాయి.

అయితే నీరు తగ్గగానే బయటపడే బండలపై పరిస్థితి వేరు. అక్కడ పోటీలో గెలిచేవి గట్టి నాచులే. నత్తలు తినేది మాత్రం ఓడిపోయే లేత నాచులను. కనుక నత్తలు పెరిగేకొద్దీ అక్కడ రకాలు తగ్గిపోతాయి.

పాఠకులారా! నత్త మారలేదు, దాని ఆకలీ మారలేదు. బలవంతుణ్ణి నిలువరించిన చోట అది వైవిధ్యాన్ని కాపాడింది. బలహీనుణ్ణే హరించిన చోట దానిని తుడిచిపెట్టింది.