గర్భిణీ మధుమేహము: తల్లికి ఆరవ వారపు పరీక్ష

గర్భవతి రక్తములో చక్కెర పెరిగినదని తెలిసినంతనే ఇంటిలో మొదట వినవచ్చు మాట, ఆమె తీపి పదార్థములు మితిమీరి తిన్నదనియే. ఈ నింద న్యాయమైనది కాదు. ఈ వ్యాధికి మూలము జిహ్వచాపల్యము కాదు; శిశువును పోషించుటకై గర్భిణి దేహమున కలుగు మార్పులే.

మావి శిశువునకు ఆహారము నందించుటయే గాక, కొన్ని హార్మోనులను గూడ ఉత్పత్తి చేయును. ప్లాసెంటల్ లాక్టోజెన్, ప్రొజెస్టిరాన్ మున్నగునవి తల్లి దేహముపై ఇన్సులిన్ ప్రభావమును తగ్గించును. అందుచేత భుజించిన పిమ్మట చక్కెర ఆమె రక్తములో మరికొంతసేపు నిలిచి, శిశువునకు సమృద్ధిగా లభించును. మావి పెరిగిన కొలదియు, ముఖ్యముగా ఐదవ మాసము దాటిన పిదప, ఈ నిరోధము బలపడును.

ఈ భారమును మోయవలసినది తల్లి క్లోమము. ఆ లాక్టోజెనే క్లోమములోని బీటా కణములు వృద్ధిచెందుటకును తోడ్పడును. నెలలు నిండునాటికి ఆరోగ్యవంతురాలి క్లోమము మునుపటికంటె సుమారు రెండు రెట్లు ఇన్సులిన్‌ను స్రవించును. అంత శక్తి లేని క్లోమము వెనుకబడినచో రక్తములో చక్కెర పెరుగును. అదియే గర్భిణీ మధుమేహము. తల్లి రక్తములోని చక్కెర మావిని దాటును గాని, ఆమె ఇన్సులిన్ దాటదు. కావున శిశువు లేత క్లోమమే అధికముగా శ్రమింపవలసివచ్చును. బిడ్డ మితిమీరి బరువెక్కుట, కాన్పు కష్టమగుట, పుట్టిన వెంటనే బిడ్డ రక్తములో చక్కెర పడిపోవుట ఇందలి ప్రమాదములు.

ఈ వ్యాధికి సాధారణముగా బాహ్యలక్షణము లుండవు. అందుచేతనే కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2018 మార్గదర్శకములు ప్రతి గర్భవతికిని పరీక్ష విధించినవి. మొదటిసారి వచ్చినపుడును, అప్పుడు లేదని తేలినచో 24–28 వారముల నడుమ మరల ఒకసారియు ఈ పరీక్ష జరుపవలెను. 75 గ్రాముల గ్లూకోజును నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటలకు రక్తమును పరీక్షింతురు. 100 మిల్లీలీటర్లకు 140 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నచో వ్యాధి కలదని నిర్ణయము. దీనికి పరగడుపున రానక్కరలేదు. కూలికి పోవు స్త్రీ మరియొక దినపు కూలిని పోగొట్టుకొననక్కరలేదు. చాలమందికి ఆహార నియమముతోను, నడకతోను చక్కెర అదుపులోనికి వచ్చును. అది చాలనివారికి వైద్యుడు మందు గాని ఇన్సులిన్ గాని ఇచ్చును.

అసలు లోపము కాన్పు తరువాత జరుగుచున్నది. మావి వెలువడినంతనే హార్మోనుల నిరోధము తొలగి, చక్కెర సాధారణముగా యథాస్థితికి వచ్చును. రోగము పోయినదని అందరును నిశ్చింతులగుదురు. కాని తన శక్తి కొలదిని ఒకసారి తెలియజెప్పిన క్లోమమది. ఇట్టి స్త్రీలకు ముందు ముందు మధుమేహము వచ్చు అవకాశము ఇతరులకంటె ఏడు రెట్లకు మించి ఉండును. ఆరవ వారమున తల్లికి మరల పరీక్ష జరుగవలెనని విధించుటకు కారణ మిదియే.

తెలుగునాట తొలి కాన్పు పుట్టినింట జరుగుట వాడుక. అత్తవారి ఊరి ఆసుపత్రిలో తేలిన సంగతి పుట్టినింటి ఊరి నర్సుకు తెలియకపోవచ్చును. కావున తల్లీబిడ్డల కార్డుపై ఆ ఫలితమును స్పష్టముగా వ్రాయవలెను; ఆ కార్డు ఆమెతోనే ప్రయాణింపవలెను. బిడ్డకు టీకాలు వేయించుటకు ఆరు వారములు నిండగనే కుటుంబము ఎట్లును ఆరోగ్యకేంద్రమునకు వచ్చును. ఆ దినముననే తల్లికిని పరీక్ష జరుపుట ఉత్తమ మార్గము. ఈ పరీక్షకు మాత్రము పరగడుపున రావలెను. బాలింతకు అది కష్టమని కొందరందురు. రాత్రి భోజనము తరువాత ఉదయమువరకు ఆగుటయే గాని అది దీర్ఘోపవాసము కాదు. నీరు త్రాగవచ్చును, బిడ్డకు పాలు మానిపింపనక్కరలేదు.

బిడ్డ టీకాను మరువని ఇల్లు తల్లి పరీక్షను మరచుట తగదు. ఆ బిడ్డను పెంచవలసినది ఆ తల్లియే కదా.