వెతకకుండానే ‘కారణం తెలియదు’ అంటారా?

పొద్దున లేచేసరికి మూతి వంకరపోయింది, కుడి కాలు చెయ్యి పడిపోయాయి. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో మనిషిని ఆటోలో వేసుకొస్తారు. తలకు సీటీ స్కాన్, బీపీ, షుగర్, చేతికి ఆస్పిరిన్ చీటీ. డిశ్చార్జి కాగితం మీద ‘కారణం తెలియదు’. మరి గుండెను చూసిందెవరు?

నెత్తురు గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతాల్లో పావువంతుకు అన్ని పరీక్షలు చేసినా కారణం దొరకదు. అది వైద్యశాస్త్రానికున్న హద్దు. అసలు వెతక్కపోవడం మాత్రం నిర్లక్ష్యం. గుండె పైగది ముడుచుకోకుండా అదురుతుంటే లోపల రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకెక్కుతుంది. ఆ అదురు వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఒక్క ఈసీజీకి చిక్కకపోవచ్చు. 2014లో వెలువడిన క్రిస్టల్ ఏఎఫ్ అధ్యయనంలో, కారణం దొరకని పక్షవాత రోగుల చర్మం కింద అమర్చిన యంత్రం ఏడాదిలో 12.4 శాతం మందిలో దాన్ని పట్టుకుంది. మామూలు పద్ధతిలో దొరికింది 2 శాతం మందిలోనే. ఇక చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరంతో ఇరుకైన గుండె కవాటం ఎకో తీస్తే కనబడుతుంది.

గుండె మీది భారాన్ని చెప్పే ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ రక్తపరీక్ష ఉంది. అది ఎక్కువగా ఉందని వెంటనే రక్తం పలుచబరిచే మందు రాయడమూ తప్పే. ఇలాంటి గుర్తులున్న 1,015 మందితో జరిపిన ఆర్కేడియా అధ్యయనం 2024లో తేల్చిందిదే: రక్తం పలుచబరిచే అపిక్సబాన్ వాడినా ఆస్పిరిన్ వాడినా ఏటా 4.4 శాతం మందికి పక్షవాతం తిరగబెట్టింది. ఎవరి గుండెను ఎక్కువ రోజులు కనిపెట్టుకోవాలో చెప్పడానికే ఆ గుర్తు పనికొస్తుంది.

వసతులు లేవనడానికీ లేదు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అక్కడ 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇక సాకులు చెల్లవు. గడ్డ వల్ల పక్షవాతం వచ్చిన ప్రతి రోగికీ ఎకో, కనీసం 24 గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష చేయకుండా ‘కారణం తెలియదు’ అని రాయకూడదు. ఆ ఖర్చు సర్కారే భరించాలి.

ఇంట్లో పెద్దవాళ్ల మణికట్టు మీద, బొటనవేలి వైపు, మూడు వేళ్లు ఆనించి నిమిషంసేపు నాడి చూడండి. లయ తప్పుతూ కొడుతుంటే ఈసీజీ తీయించండి. మూతి వంకరపోతే పసరు వైద్యానికి పరుగెత్తకండి, 108కు ఫోన్ చేయండి. గడ్డ కరిగించే మందుకు, లక్షణాలు మొదలయ్యాక సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.