కారు చెబితే టెక్నాలజీ, నేను చెబితే నస

"అమ్మా, డ్రైవర్‌కి కోపమొస్తే కారే మాట్లాడి చల్లబరుస్తుందట!" అన్నాడు మావాడు మొన్న. అంతగా ఏం మాట్లాడుతుందా అని నేనూ చదివాను.

2011లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన హెలెన్ హారిస్, క్లిఫర్డ్ నాస్ ఒక ప్రయోగం చేశారు. 36 మందిని మూడు గుంపులు చేసి బండి నడపమన్నారు. సిగ్నల్ ఎంతకీ పడదు, ఎవడో అడ్డం వస్తాడు. అప్పుడు ఒక గుంపుకి కారులోని గొంతు సర్దిచెప్పింది. రెండో గుంపుని ఎగదోసింది. మూడో గుంపుతో అసలు మాట్లాడలేదు. సర్దిచెప్పినవాళ్లే తక్కువ చిరాకుపడ్డారు, బండీ బాగా నడిపారు.

"పోనీలెండి, వాడికేం తొందరో!" అని ఇరవయ్యేళ్లుగా పక్కసీట్లో కూర్చుని నేను చెప్తున్నది అదే కదండీ! నాకొచ్చే జవాబు మాత్రం, "నువ్వు నోరు మూసుకుని కూర్చో." మరి ఆ ప్రయోగంలో నోరు మూసుకున్న కారు వల్ల ఏమీ ఒరగలేదు, గమనించారా?

జర్మనీలో ఒక కంపెనీ కార్లో దారి చెప్పడానికి ఆడగొంతు పెడితే, ఆడదాని మాట మేం వినమని మగవాళ్లు గొడవ చేశారని ఈ నాస్ గారే చెప్పేవారు. కాబట్టి గొంతు ఎవరిదన్నది కూడా పెద్ద సంగతేనన్నమాట.

ఆ ప్రయోగాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ మగవాడి కోపమేదో వానలాగా దానంతటదే వచ్చిపడుతుందనీ, పక్కనున్నవాళ్లో, పక్కనున్న యంత్రమో గొడుగు పట్టాలనీ అనుకోవడం దగ్గరే నాకు మండుతుంది. ఒకసారి ఆయన మేనేజర్ని ఎయిర్‌పోర్టులో దింపడానికి వెళ్లాం. నేను వెనకసీట్లో. ఆటో ఒకటి అడ్డంగా దూరింది. ఆయన బ్రేకు వేసి, నవ్వి, "హైదరాబాద్ ట్రాఫిక్ సార్" అన్నారు. మేనేజర్ దిగిపోయాక తిరుగుదారిలో కనబడ్డ మొదటి బైకువాడికే బూతులు మొదలు. కారులో ఎవరున్నారో ఆ కోపానికి బాగా తెలుసు!

పోయిన నెల మావాడు నన్ను గుడికి తీసుకెళ్తూ, స్కూటీ మీద వెళ్తున్న ఒకావిణ్ణి తిట్టాడు. వాళ్ల నాన్న మాటే, ఆ విరుపుతో సహా. లైసెన్సు వచ్చి ఆర్నెల్లు కాలేదు.

"బండి పక్కకి తీసి ఆపు," అన్నాను. ఆపాడు. దిగి ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను.

ఆ రాత్రి ఆయనకీ చెప్పేశాను, ఇకమీదట బూతు వినబడితే ఎక్కడైనా సరే దిగిపోతానని. ఆటో డబ్బులు పర్సులో విడిగా పెట్టుకున్నాను.