దిమ్మెక్కిన ట్యాంకుకు రంగేస్తే సరిపోదు

1965 యుద్ధంలో అసల్ ఉత్తర్ వద్ద పాకిస్థాన్ పోగొట్టుకున్న ప్యాటన్ ట్యాంకులను పంజాబ్‌లోని భిఖివిండ్‌లో వరసగా నిలబెడితే ఆ చోటు ‘ప్యాటన్ నగర్’ అయింది. కంటోన్మెంట్ గేటు ముందో, ఊరి కూడలిలోనో ట్యాంకును దిమ్మెక్కించడం మనకు అలవాటే. గెలుపును జనం కళ్లముందు ఉంచడంలో తప్పు లేదు. కానీ దిమ్మెక్కించగానే దాన్ని కాపాడేశామనుకోవడం దగ్గరే వస్తోంది తంటా.

ఆరుబయట ట్యాంకు ఎలా పాడవుతుందో దగ్గరికెళితే తెలుస్తుంది. మూతల సందుల్లోంచి దిగిన వాన నీరు అడుగున నిలుస్తుంది. చక్రాల మీది రబ్బరు బీటలు వారుతుంది, బేరింగులు బిగుసుకుపోతాయి. పంద్రాగస్టుకో, రిపబ్లిక్ డేకో పూత మీద పూత వేస్తుంటే అది ఏ రెజిమెంటుదో చెప్పే గుర్తులూ కనుమరుగవుతాయి.

చరిత్ర ఉండేది ఆ గుర్తుల్లోనే. మన సైనిక వాహనం నంబరు పైకి చూసే బాణంతో మొదలవుతుంది. పక్కనున్న రెండంకెలు దాన్ని కొన్న ఏడాదిని చెబుతాయి. జబల్‌పూర్‌లో తయారైన జోంగా జీపు వేలంలో ప్రైవేటు చేతికి వెళ్లాక ఆ నంబరు ఉండదు. ముచ్చటపడి కొన్నవారికి చట్టం అండా అంతంతే. 2021 వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్లు దాటిన, సొంత వాడకపు ద్విచక్ర వాహనాలకు, కార్ల వంటి నాలుగు చక్రాల బండ్లకే. సైన్యం వాడిన శక్తిమాన్ లారీకి అందులో చోటు లేదు.

మరి కాపాడటమంటే ఎలా? 1943లో ట్యునీషియాలో చేజిక్కిన జర్మన్ ట్యాంకు టైగర్ 131ను బ్రిటన్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం నడిచే స్థితిలో ఉంచింది. నడిపిన ప్రతిసారీ అసలు భాగాలు అరుగుతాయి కనుక అరుదుగానే బయటికి తీస్తారు. అన్నీ నడవాలనేం లేదు. ఒక్కటైనా నడిస్తే దాన్ని విప్పి బిగించే పనితనం తర్వాతి తరానికి అందుతుంది. విశాఖ బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనకు ఉన్న కురుసుర జలాంతర్గామి కదలదు. అయినా విశ్రాంత నావికులే దగ్గరుండి చూపిస్తుంటే, ఆ ఇరుకులో మనుషులు ఎలా మసిలారో చూసేవారికి అర్థమవుతుంది.

తెలంగాణ ఈ సంగతి ఇప్పుడే ఆలోచించాలి. కాల్బలాన్ని మోసుకెళ్లే బీఎంపీ-2 ‘సారథ్’ వాహనాలు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారంలో తయారైనవే. ముందు పలకను లేపుకుని, పట్టాల తిరుగుడుతోనే నీళ్లలో ఈదే బండి అది. ఏదో ఒకనాడు అదీ సైన్యం నుంచి తప్పుకోవాల్సిందే. అప్పుడు రంగేసిన డొల్లను కూడలికి పంపి చేతులు దులుపుకోకూడదు. ఒక్క బండినైనా కప్పు కింద, నడిచే స్థితిలో ఉంచాలి. దాని నంబరు, లాగ్‌బుక్, బిగించిన ఫిట్టర్ల, నడిపిన జవాన్ల అనుభవాల రికార్డులు పక్కనే ఉండాలి. ఖర్చు మాటెత్తేవారికి జవాబు ఒకటే: పది దిమ్మెలు తగ్గించి ఒక వర్క్‌షాపు పెట్టండి. వేలం జాబితా రాసే రోజే, దాచాల్సిన వాటి జాబితా కూడా రాయడం సైన్యం నియమంగా పెట్టుకోవాలి.